ఎమ్మే ఎకనామిక్స్... లెక్క కుదురుతుందా?

చేతికొచ్చిన ఉద్యోగం వదులుకుని రెండేళ్లు అర్థశాస్త్రం చదవాలా? చదివితే వచ్చేదెంత, పోయేదెంత? ఈ ప్రశ్నకు జవాబు కూడా అర్థశాస్త్రంలోనే ఉంది!

డిగ్రీ ఫలితాలొచ్చాయి. అమ్మాయికి ఫస్ట్‌క్లాసు. ఇంట్లో అందరి చేతుల్లోనూ స్వీట్లు. ఆ ముక్క నోట్లో ఇంకా కరగనేలేదు... అప్పుడే అసలు ప్రశ్న వచ్చిపడింది.

'తర్వాతేంటి తల్లీ?' అన్నాడు నాన్న.

'ఎమ్మే ఎకనామిక్స్ చేద్దామనుకుంటున్నా నాన్నా!'

ఒక్క క్షణం అంతా నిశ్శబ్దం. వంటింట్లోంచి అమ్మ తొంగిచూసింది. పేపరు చదువుకుంటున్న బాబాయి కళ్లజోడు సవరించుకున్నాడు.

'ఎమ్మేనా? అది చేసి ఏంచేస్తావమ్మా... మళ్లీ పాఠాలు చెప్పుకోవడమేగా? మొన్న మీ కాలేజీకొచ్చిన కంపెనీవాళ్లు నెలకు పాతికవేలు ఇస్తామన్నారు కదా. హాయిగా అందులో చేరిపోరాదూ!'

ఏటా ఎన్నో ఇళ్లలో జరిగే సంభాషణే ఇది. అమ్మాయి మాటల్లో ఇష్టం ఉంది. బాబాయి మాటల్లో లోకజ్ఞానం ఉంది. తేల్చుకోలేక నాన్న మధ్యలో నలిగిపోతుంటాడు. ఇంజినీరింగ్‌కైతే పక్కింటివాళ్లను అడిగినా దారి చెబుతారు. ఎమ్మే ఎకనామిక్స్ సంగతి చెప్పేవాళ్లే తక్కువ. అందుకే ఆ చదువు విలువెంతో ఆ చదువు నేర్పే పద్ధతిలోనే ఓసారి లెక్కేసి చూస్తే సరి.

ఖర్చంటే ఫీజొక్కటే కాదు!

'యూనివర్సిటీలో ఫీజు తక్కువే కదా, చదువుకోనీ' అంటుంది అమ్మ. ఎకనామిక్స్ మొదటి పాఠం ఇక్కడే మొదలవుతుంది. ఒక పని చేయడానికి అయ్యే అసలు ఖర్చు మనం జేబులోంచి తీసిచ్చే డబ్బు ఒక్కటే కాదు. ఆ పని కోసం వదులుకున్నది కూడా ఖర్చే. ఇంటర్ పుస్తకాల్లో దీన్నే 'అవకాశ వ్యయం' అంటారు.

మన అమ్మాయి విషయమే తీసుకుందాం. నెలకు పాతికవేల ఉద్యోగం వదులుకుంటే రెండేళ్లకు ఆరు లక్షలు. ఫీజు, పుస్తకాలు, ప్రయాణాలు, హాస్టల్లో ఉండటం వల్ల అదనంగా అయ్యేది కలిపి రెండు లక్షలు అనుకుందాం. మొత్తం ఎనిమిది లక్షలు. ఇక్కడో చిన్న మెలిక ఉంది. హాస్టల్లో తినే తిండి ఖర్చంతా ఇందులో వేయకూడదు. ఇంట్లో ఉన్నా అన్నం తింటుంది కదా! ఇంటికంటే ఎక్కువయ్యేది మాత్రమే లెక్క.

ఇప్పుడు రెండోవైపు చూద్దాం. ఉద్యోగంలో చేరి ఉంటే రెండేళ్లకు ఆమె జీతం ముప్ఫైవేలకు పెరిగేదనుకుందాం. ఎమ్మే తర్వాత వచ్చే జీతాన్ని పోల్చాల్సింది ఈ ముప్ఫైవేలతోనే, అప్పటి పాతికవేలతో కాదు. నలభైవేల ఉద్యోగం వస్తే నెలకు పదివేలు ఎక్కువ. ఎనిమిది లక్షలు తిరిగి రావడానికి 80 నెలలు... అంటే ఆరేళ్ల ఎనిమిది నెలలు పడుతుంది. యాభై అయిదువేల ఉద్యోగం వస్తే 32 నెలల్లోనే తీరిపోతుంది. మళ్లీ ముప్ఫైవేల ఉద్యోగమే వస్తే? ఆ ఎనిమిది లక్షలు ఎప్పటికీ తిరిగి రావు! అప్పు చేసి చదివితే వడ్డీ దీనికి అదనం.

ఈ అంకెలు ఉదాహరణకు అనుకున్నవే. ఎవరింటి అంకెలు వాళ్లు వేసుకోవచ్చు. చదువు ఒకటే, పట్టా పేరూ ఒకటే. అయినా ఒకరికి మూడేళ్లలోపే గిట్టుబాటయ్యేది ఇంకొకరికి ఎప్పటికీ కాకపోవచ్చు. తేడా ఎక్కడొస్తోంది?

నగా... హాల్‌మార్కా?

చదువుకుంటే జీతం ఎందుకు పెరుగుతుంది? వినడానికి చిన్నపిల్లల ప్రశ్నలా ఉంటుంది కానీ దీనిమీద ఆర్థికవేత్తలు దశాబ్దాలుగా వాదించుకుంటూనే ఉన్నారు.

అమెరికా ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1964లో 'హ్యూమన్ క్యాపిటల్' అనే పుస్తకం రాశారు. యంత్రాల మీద పెట్టుబడి పెట్టినట్టే మనిషి తన మీద తాను పెట్టుకునే పెట్టుబడే చదువు అన్నది ఆయన వాదన. చదువు నైపుణ్యాన్ని పెంచుతుంది, నైపుణ్యం జీతాన్ని పెంచుతుంది. బెకర్‌కు 1992లో నోబెల్ బహుమతి వచ్చింది.

మైకేల్ స్పెన్స్ 1973లో ఇంకో కోణం చూపించారు. కొత్తగా వచ్చిన అభ్యర్థి ఎంత సమర్థుడో కంపెనీకి తెలియదు. కష్టమైన చదువును సమర్థులే తేలిగ్గా పూర్తిచేయగలరు కాబట్టి పట్టా ఓ సంకేతంలా పనిచేస్తుంది. ఆ చదువు కొత్తగా ఏమీ నేర్పకపోయినా సరే, జీతం పెరగొచ్చు! ఈయనకు 2001లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ ఇచ్చారు.

మన భాషలో చెప్పాలంటే... ముద్ద బంగారాన్ని నగగా మలిస్తే విలువ పెరుగుతుంది. అది బెకర్ మాట. నగమీద హాల్‌మార్కు ముద్ర వేస్తే అందులోని బంగారం రవ్వంత కూడా పెరగదు కానీ కొనేవాడికి నమ్మకం కుదురుతుంది. అది స్పెన్స్ మాట.

నిజజీవితంలో రెండూ ఉంటాయి. పేరున్న సంస్థలో చదివితే ముద్ర పడుతుంది. ఎక్కడ చదివినా పని నేర్చుకుంటే నగ తయారవుతుంది. ముద్రా లేక, పనీ రాక, పరీక్షకు ముందు గైడ్లు బట్టీపట్టి తెచ్చుకున్న పట్టాతోనే చిక్కంతా. బాబాయి భయం అచ్చంగా దాని గురించే!

ముద్ర వేసే చోట్లు

మనదేశంలో ఎకనామిక్స్ అనగానే మొదట వినిపించే పేరు ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్. వీకేఆర్‌వీ రావు 1949లో స్థాపించిన ఈ సంస్థలో అమర్త్యసేన్, మన్మోహన్‌సింగ్ పాఠాలు చెప్పారు. పుణెలోని గోఖలే ఇన్‌స్టిట్యూట్ 1930 నుంచీ ఉంది. ముంబైలో ఇందిరాగాంధీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెవలప్‌మెంట్ రీసెర్చ్‌ని రిజర్వు బ్యాంకే 1987లో ఏర్పాటుచేసింది. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ పీజీ ఉంది. ఢిల్లీలోని జేఎన్‌యూ, చెన్నైలోని మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ కూడా పేరున్నవే. మన దగ్గరికొస్తే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ముందుంటుంది.

ఢిల్లీ స్కూల్, జేఎన్‌యూ, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో సీటు కావాలంటే సీయూఈటీ-పీజీ రాయాలి. ఉస్మానియా సహా తెలంగాణ విశ్వవిద్యాలయాలకు సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లోని వాటికి ఏపీ పీజీసెట్ ఉన్నాయి.

ఇక్కడ చాలామంది పిల్లలు బోల్తాపడే విషయం ఒకటుంది... లెక్కలు! ఎకనామిక్స్ అంటే ఆర్ట్స్ గ్రూపనీ లెక్కల బాధ తప్పించుకోవచ్చనీ మనవాళ్లలో ఓ నమ్మకం. ఇంటర్లో హెచ్‌ఈసీ, సీఈసీ తీసుకుని గణితానికి నమస్కారం పెట్టినవాళ్లు పెద్ద సంస్థల ప్రవేశపరీక్ష దగ్గర ఆగిపోతారు. కాలిక్యులస్, మాత్రికలు, సంభావ్యత, గణాంకాలు లేకుండా అక్కడ ఒక్క అడుగూ పడదు. అందుకే ఈ కోర్సుల్లో ఇంజినీరింగ్, గణితం చదివి వచ్చినవాళ్లు కనిపిస్తుంటారు. అలాగని ఆర్ట్స్ పిల్లలు ఆశ వదులుకోనక్కర్లేదు. డిగ్రీ మొదటి ఏడాది నుంచే రోజూ ఓ గంట లెక్కలకు కేటాయిస్తే మూడేళ్లలో ఆ గోడ దాటేయొచ్చు.

పాలమూరు పల్లె... ప్రపంచ పాఠం

ముద్ర సంగతి సరే. మరి ఈ చదువు నేర్పే పనేంటి?

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు 1975లో ఓ పని మొదలుపెట్టారు. మెట్ట ప్రాంతాల్లో కొన్ని పల్లెల్ని ఎంచుకున్నారు. అందులో ఒకటి అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని అవురుపల్లి. ఊరికి నలభై కుటుంబాలు... ముప్ఫై రైతులవి, పది కూలీలవి. స్థానిక భాష తెలిసిన పరిశోధకులు ఆ ఊళ్లోనే కాపురముండి కొన్ని వారాలకోసారి ఇంటింటికీ వెళ్లేవారు. ఏం పండింది, ఎంతకు అమ్మారు, ఎంత అప్పు తెచ్చారు, ఏం తిన్నారు, ఎవరికి జబ్బుచేసింది... అన్నీ రాసుకునేవారు. అలా ఏళ్ల తరబడి!

ఆ లెక్కల్ని రాబర్ట్ టౌన్‌సెండ్ అనే అమెరికా ఆర్థికవేత్త పరిశీలించారు. అవురుపల్లితోపాటు మహారాష్ట్రలోని రెండు ఊళ్ల వివరాలతో 1994లో పరిశోధన పత్రం ప్రచురించారు. ఒక ఇంటి ఆదాయం ఓ ఏడాది పడిపోయినా ఆ ఇంటి తిండీతిప్పల ఖర్చు అంతగా పడిపోవడం లేదని తేలింది. బీమా కంపెనీ పేరే వినని పల్లెల్లో చేబదుళ్లు, ఇచ్చిపుచ్చుకోవడాలే చాలావరకు బీమాలా పనిచేస్తున్నాయన్నమాట. అయితే ఆ మూడూళ్లలో ఒకచోట భూమి లేనివాళ్లకు ఆ ఆసరా తక్కువగా ఉన్నట్టూ కనిపించింది. ప్రపంచంలో ఏ మూల అభివృద్ధి అర్థశాస్త్రం చదివే విద్యార్థికైనా ఆ పత్రం పరిచయమే. మన పాలమూరు పల్లె అలా వాళ్ల పాఠాల్లోకి ఎక్కింది.

ఇంకో ఉదాహరణ హైదరాబాద్ బస్తీల్లోనే ఉంది. మైక్రోఫైనాన్స్ అప్పులతో పేదరికం పోతుందని ఒక వర్గం, కొంపలు కూలుతాయని ఇంకో వర్గం గట్టిగా వాదించుకుంటున్న రోజులవి. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు 104 బస్తీల్ని తీసుకున్నారు. లాటరీ పద్ధతిలో సగం బస్తీల్ని ఎంపికచేస్తే ఓ సంస్థ అక్కడ ముందుగా శాఖలు తెరిచింది. తర్వాత రెండు రకాల బస్తీల్లోనూ వేల ఇళ్లు తిరిగి పోల్చి చూశారు. అప్పటికే చిన్న వ్యాపారాలున్నవాళ్లు వాటిలో మరికొంత పెట్టుబడి పెట్టగలిగారు. కానీ ఆరోగ్యం, పిల్లల చదువు, మహిళల సాధికారతలో చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు! 2015లో అచ్చయిన ఈ అధ్యయనం రెండు వర్గాల గొంతూ తగ్గించింది. బెనర్జీ, డఫ్లోలకు 2019లో మైకేల్ క్రెమర్‌తో కలిపి నోబెల్ వచ్చింది. అన్నట్టు, బెనర్జీ ఎమ్మే చదివింది జేఎన్‌యూలోనే.

ఎమ్మే ఎకనామిక్స్ నేర్పాల్సిన అసలు పని ఇదే. 'దేనితో పోల్చి చెబుతున్నావు?' అని అడగడం. అంకెల్లోంచి కారణాన్ని వేరుచేయడం. ఆ పని వచ్చినవాళ్లను బ్యాంకయినా, ప్రభుత్వమైనా, ఇంటర్నెట్ కంపెనీ అయినా పిలుస్తుంది. మన ఎమ్మే విద్యార్థులు చదివే మైక్రో ఎకనామిక్స్ పుస్తకాలు రాసిన హాల్ వేరియన్ 2002 నుంచి గూగుల్‌తో పనిచేశారు. ప్రకటనల వేలం ఎలా సాగాలో తేల్చడంలో ఆ పాఠాలే అక్కరకొచ్చాయి.

ఉద్యోగాలు ఎక్కడున్నాయి?

ఎమ్మే ఎకనామిక్స్ ఉంటేనే తలుపు తెరిచే ఉద్యోగాలు కొన్ని ఉన్నాయి. వాటిలో మొదటిది ఇండియన్ ఎకనామిక్ సర్వీస్. 1961లో ఏర్పడిన ఈ సర్వీసుకు యూపీఎస్సీ పరీక్ష పెడుతుంది. ఎకనామిక్స్ లేదా దాని అనుబంధ శాఖల్లో పీజీ తప్పనిసరి. రాతపరీక్షకు 1000 మార్కులు, ఇంటర్వ్యూకి 200. ఏడో వేతన సంఘం ప్రకారం మొదటి మూలవేతనం రూ.56,100. కాకపోతే పోస్టులు మరీ తక్కువ. కొన్నేళ్లలో దేశం మొత్తానికి ఇరవై కూడా ఉండవు.

రెండోది రిజర్వు బ్యాంకులో ఆర్థిక, విధాన పరిశోధన విభాగం. ఇక్కడి గ్రేడ్-బి అధికారుల పోస్టులకు ఎకనామిక్స్ పీజీలో 55 శాతం మార్కులుండాలి.

మూడోది బాబాయి చెప్పిన పాఠాలు. యూజీసీ నెట్, రాష్ట్రాల సెట్ పాసైతే డిగ్రీ కాలేజీల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు అర్హత. రెగ్యులర్ పోస్టు అయితే యూజీసీ స్కేలు మూలవేతనం రూ.57,700తో మొదలవుతుంది. నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే పరిశోధన చేసుకుంటూ మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000 ఫెలోషిప్. కానీ ఇక్కడే బాబాయి భయంలో నిజముంది. రెగ్యులర్ నోటిఫికేషన్ల కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూస్తూ గెస్ట్, కాంట్రాక్టు అధ్యాపకులుగా తక్కువ జీతానికి పనిచేస్తున్న పీజీలు, పీహెచ్‌డీలు ఎందరో. నోటిఫికేషన్ ఒక్కదాన్నే నమ్ముకుని చదవడం ఒకే పంటమీద మొత్తం పొలం పెట్టడం లాంటిది.

అందుకే నాలుగో దారి కూడా చూసుకోవాలి. బ్యాంకుల పరిశోధన విభాగాలు, రేటింగ్ సంస్థలు, కన్సల్టెన్సీలు, డేటా అనలిటిక్స్ కంపెనీలు, హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్ లాంటి పరిశోధన సంస్థలు ఎకనామిక్స్ పీజీలకు చోటిస్తాయి. వీటిలో పట్టా ఒక్కటే చాలదు. ఎకనోమెట్రిక్స్ బాగా తెలియాలి. స్టాటా, ఆర్, పైథాన్‌లలో ఒకటైనా చేతికి అలవాటై ఉండాలి. తేలిన విషయాన్ని రెండు పేజీల్లో అందరికీ అర్థమయ్యేలా రాయగలగాలి.

పదేళ్లు... ఇద్దరు తెలుగువారు

2003 నుంచి 2013 వరకూ రిజర్వు బ్యాంకు గవర్నరు కుర్చీలో వరసగా ఇద్దరు తెలుగువాళ్లే కూర్చున్నారు. కడప జిల్లాలో పుట్టిన వై.వేణుగోపాలరెడ్డి మద్రాసు విశ్వవిద్యాలయంలో ఎకనామిక్స్ ఎమ్మే, ఉస్మానియాలో పీహెచ్‌డీ చేశారు. 1964లో ఐఏఎస్‌కు వచ్చారు. రియల్ ఎస్టేట్ అప్పులు ఉరకలేస్తున్న రోజుల్లో ఆయన బ్యాంకులకు కళ్లెం బిగించారు.

తర్వాత వచ్చిన దువ్వూరి సుబ్బారావుది ఏలూరు. ఆయన చదివింది ఐఐటీల్లో ఫిజిక్స్! 1972లో సివిల్స్ టాపర్. ఉద్యోగంలో చేరాక 1978లో అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో ఎకనామిక్స్‌లో ఎమ్మెస్ చేశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి పీహెచ్‌డీ తీసుకున్నారు. 2008 సెప్టెంబరు 5న గవర్నరయితే, పదోరోజున అమెరికాలో లేమాన్ బ్రదర్స్ కుప్పకూలింది. ప్రపంచమంతా వణికిన ఆ రోజుల్లో పగ్గాలు ఆయన చేతిలోనే ఉన్నాయి.

అలాగని ఎకనామిక్స్ పట్టా ఉంటేనే ఆ కుర్చీ దక్కుతుందని కాదు. 2018 నుంచి 2024 వరకూ గవర్నరుగా ఉన్న శక్తికాంతదాస్ చదివింది చరిత్రలో ఎమ్మే. 1984లో జేఎన్‌యూలో ఎకనామిక్స్ ఎమ్మే పూర్తిచేసిన నరసాపురం కోడలు నిర్మలా సీతారామన్ కొన్నాళ్లు లండన్‌లో ఓ గృహాలంకరణ దుకాణంలో సేల్స్ విభాగంలో పనిచేశారు. ఆర్థికమంత్రి అయింది 2019లో. చదువు ఫలం మొదటి ఉద్యోగంలోనే కనిపించాలని లేదు.

విదేశాలకు వెళ్లాలంటే...

అమెరికాలో మాస్టర్స్‌కు సాధారణంగా సొంత డబ్బు పెట్టుకోవాలి. పీహెచ్‌డీకైతే మంచి విశ్వవిద్యాలయాలు ఫీజు మినహాయించి, బోధనలో సాయం చేసినందుకు స్టైపెండ్ కూడా ఇస్తాయి. అయిదారేళ్లు పడుతుంది. మాస్టర్స్‌కు వెళ్లేవాళ్లు ఒక విషయం గమనించాలి. 'ఎకనోమెట్రిక్స్ అండ్ క్వాంటిటేటివ్ ఎకనామిక్స్' కోడ్ కింద ఉన్న కోర్సులు అమెరికా స్టెమ్ జాబితాలో ఉన్నాయి. చదువయ్యాక అక్కడ పనిచేయడానికి మామూలుగా ఇచ్చే 12 నెలలకు మరో 24 నెలలు అడిగే వీలు వాటికే ఉంటుంది. రెండు కోర్సుల పేర్లు ఒకేలా ఉన్నా కోడ్ వేరు కావచ్చు. లక్షలు అప్పుచేసే ముందు కోడ్ ఏంటో, ఆనాటి నిబంధనలేంటో విశ్వవిద్యాలయాన్నే అడగాలి.

చేరేముందు అయిదు ప్రశ్నలు

1. వదులుకుంటున్న ఉద్యోగం విలువెంత? రెండేళ్ల తర్వాత అందులో జీతం ఎంతుండేది?

2. ఆ కాలేజీలో గత రెండు మూడేళ్లలో చదివి బయటికొచ్చినవాళ్లు ఇప్పుడెక్కడున్నారు? బ్రోచర్ని కాదు, వాళ్లనే అడగాలి.

3. సిలబస్‌లో గణితం, గణాంకాలు, ఎకనోమెట్రిక్స్ ఎంత ఉన్నాయి? సొంతంగా ఓ ప్రాజెక్టు చేయిస్తారా?

4. కోరుకున్న పరీక్షలో ర్యాంకు రాకపోతే రెండో దారేంటి?

5. మూడేళ్లు ఇదే చదివాం కాబట్టి ఇదే చదవాలి అనుకుంటున్నామా? అయిపోయిన ఖర్చు అయిపోయినట్టే. దాన్ని చూసి ముందడుగు వేయకూడదు. ఇదీ ఎకనామిక్స్ పాఠమే!

మళ్లీ ఆ ఇంటికి వద్దాం. రాత్రి భోజనాలయ్యాక అమ్మాయి ఓ తెల్లకాగితం తీసుకుని నాన్న పక్కన కూర్చుంది. ఒకవైపు వదులుకునే జీతం, ఇంకోవైపు సీటొస్తే చేరాలనుకుంటున్న మూడు విశ్వవిద్యాలయాల పేర్లు, ఫీజులు, అక్కడ చదివినవాళ్లు చేస్తున్న ఉద్యోగాలు. అడుగున ఓ గీత గీసి 'వీటిలో దేనిలోనూ సీటు రాకపోతే కంపెనీలో చేరతాను, మళ్లీ ఏడాది రాస్తాను' అని రాసింది.

బాబాయి ఆ కాగితాన్ని అటూఇటూ తిప్పి చూశాడు. 'లెక్క బానే వేశావే... మరి నీ ఇష్టానికి ఎంత వేశావమ్మా?' అన్నాడు నవ్వుతూ.

'దానికి అంకె వేయలేదు బాబాయ్! రెండువైపులా సమానంగా వస్తే అప్పుడు వేద్దామని ఉంచా.'

నాన్న కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు. 'ప్రవేశపరీక్షకి దరఖాస్తు ఎప్పటికల్లా పెట్టాలి తల్లీ?' అని మాత్రం అడిగాడు.